ప్రభుత్వ గ్రాంటు లెక్కలు: శాంక్షన్, రిలీజ్, యూసీ, పీఏవో... ఇందులో ఎవరి పని ఏంటి?

బోయిన్‌పల్లి అకౌంట్స్:

అందరికీ నమస్తే. సికింద్రాబాద్‌లో మేధోపరమైన వైకల్యం ఉన్న పిల్లల కోసం స్పెషల్ స్కూల్ నడిపే ఒక చిన్న సొసైటీలో ఈమధ్యే ప్రాజెక్ట్ అకౌంటెంట్‌గా చేరాను. ఇంతకు ముందు మందుల డిస్ట్రిబ్యూటర్ దగ్గర చేశాను కాబట్టి టాలీ, జీఎస్టీ, టీడీఎస్ అన్నీ వచ్చు. కానీ ఈ గ్రాంటు ఫైళ్లు తెరిస్తే ఏదీ అంతుపట్టడం లేదు. మాకు దీనదయాళ్ దివ్యాంగజన్ పునరావాస పథకం కింద ఢిల్లీ నుంచి డబ్బు వస్తుంది. శాంక్షన్ అయింది కానీ రిలీజ్ కాలేదంటారు, రిలీజ్ అయింది కానీ పీఏవోలో ఉందంటారు, జనరల్ హెడ్‌లో (పద్దులో) మిగిలింది శాలరీకి వాడొద్దంటారు. ఎవరిని అడిగినా సగమే చెబుతారు.

ఇప్పుడు అసలు సమస్య. నేను చేరకముందు పంపిన యుటిలైజేషన్ సర్టిఫికెట్ (యూసీ, అంటే గ్రాంటు దేనికి ఖర్చయిందో చెప్పే ధ్రువపత్రం) వెనక్కి వచ్చింది. "అడ్వాన్సులను ఖర్చుగా చూపారు, వడ్డీ వివరం లేదు, సవరించి పంపండి" అని రాశారు. అది తేలేదాకా తర్వాతి విడత రాదట. స్పెషల్ టీచర్లకు, ఆయాలకు గౌరవ వేతనం ఆగిపోయింది. ఒక్కరు కూడా మానలేదు, రోజూ వచ్చి పిల్లలకు అన్నం తినిపించి, బాత్‌రూమ్‌కు తీసుకెళ్లి, పాఠం చెప్పి పోతున్నారు. వాళ్ల మొహం చూడాలంటేనే టెన్షన్‌గా ఉంది.

నాకు తెలియాల్సింది: ఈ మొత్తం వ్యవహారంలో ఎవరి బాధ్యత ఏంటి, ఆ యూసీ సరిగ్గా ఎలా నింపాలి, మా ప్రెసిడెంట్ గారు (పెద్దాయన, జీతం తీసుకోరు) పెట్టే సంతకానికి అర్థం ఏంటి, సీఏ ఆడిట్ చేశారు కదా, ఇంకా మన మీద బాధ్యత ఉంటుందా? తెలిసినవాళ్లు ఓపిగ్గా చెప్పండి, ప్లీజ్.


రిటైర్డ్ ఏఏవో, సైఫాబాద్:

తమ్ముడూ, సర్వీసంతా ఈ ఫైళ్లతోనే గడిపినవాణ్ని, కాస్త పొడుగ్గానే చెబుతాను. ముందు ఒక్క సంగతి మనసులో పెట్టుకో. గ్రాంటు మీ ఆదాయం కాదు. ఫలానా పనికి, ఫలానా షరతులతో, ఫలానా కాలానికి ఇచ్చిన ప్రభుత్వ సొమ్ము. ఆ పని జరిగిందని నువ్వు కాగితం మీద చూపించేదాకా అది మీ దగ్గర ఉన్నా మీది కాదు. మిగతా పదాలన్నీ ఇందులోంచే పుట్టాయి.

దీనికి మూలం జనరల్ ఫైనాన్షియల్ రూల్స్, 2017. అందులో గ్రాంట్ల గురించి 228వ రూల్ నుంచి ఉంటుంది, చిన్న అధ్యాయమే, ఒక ఆదివారం కూర్చుని చదువు. మీకు గ్రాంటు ఇచ్చే మంత్రిత్వ శాఖలో ఆ స్కీమ్ చూసే డివిజన్ ఉంటుంది, మీ దరఖాస్తు అక్కడికే వెళ్తుంది. వాళ్లు సరే అనుకున్నాక వాళ్ల ఫైనాన్స్ విభాగం కూడా ఒప్పుకోవాలి. అప్పుడు శాంక్షన్ ఆర్డర్ వస్తుంది. ఎంత, ఏ హెడ్ నుంచి, ఏ పనికి, ఏ షరతుల మీద అన్నది అందులో రాసి ఉంటుంది. అది వచ్చినంత మాత్రాన డబ్బు వచ్చినట్టు కాదు. అక్కడి డీడీవో, అంటే డ్రాయింగ్ అండ్ డిస్బర్సింగ్ ఆఫీసర్, బిల్లు తయారు చేసి పే అండ్ అకౌంట్స్ ఆఫీసుకు పంపుతారు. పీఏవో వాళ్లు శాంక్షన్ ఆర్డరు, బడ్జెట్, మీ బ్యాంకు వివరాలు అన్నీ సరిచూసి పాస్ చేస్తేనే పీఎఫ్ఎంఎస్ (కేంద్రం చెల్లింపుల ఆన్‌లైన్ వ్యవస్థ) ద్వారా డబ్బు కదులుతుంది. మార్చి 31 లోపు బిల్లు పాస్ కాకపోతే ఆ ఏటి బడ్జెట్ మురిగిపోతుంది, మళ్లీ కొత్త సంవత్సరంలో మొదటి నుంచి. అందుకే ఫిబ్రవరిలో వాళ్లు ఏదైనా కాగితం అడిగితే ఆ రోజే పంపాలి.

హెడ్ల సంగతి. గ్రాంటు మూడు రకాల ఆబ్జెక్ట్ హెడ్ల కింద వస్తుంది: 31 అంటే జనరల్, 35 అంటే ఆస్తుల కల్పన, 36 అంటే జీతాలు. పార్లమెంటు ఏ హెడ్ కింద ఇచ్చిందో ఆ హెడ్ కిందే ఖర్చు చేయాలి. జీతాల డబ్బు మిగిలింది కదా అని కంప్యూటర్ కొనకూడదు, కంప్యూటర్ డబ్బు మిగిలింది కదా అని జీతం ఇవ్వకూడదు. మార్చాలంటే ముందు శాఖ అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి. ఫోన్‌లో "చేసుకోండి" అన్నారంటే కుదరదు.

ఇక యూసీ. మీలాంటి సంస్థలకు ఫారం జీఎఫ్ఆర్ 12-ఏ. ఇది నింపడంలోనే ఎక్కువమంది ఇరుక్కుంటారు, కాబట్టి అంకెలతో చెబుతాను. ఏడాది మొదట్లో మీ దగ్గర పాత మిగులు 85,000 ఉందనుకో. దాని మీద వడ్డీ 4,200 వచ్చింది, ఆ 4,200 ప్రభుత్వానికి తిరిగి కట్టేశారు. ఈ ఏడు వచ్చిన గ్రాంటు 12,00,000. అంటే పాత మిగులుకు వడ్డీ కలిపి, కట్టేసిన వడ్డీ తీసేసి, కొత్త గ్రాంటు కలిపితే మీ చేతిలో ఉన్నది 12,85,000. ఖర్చు 11,60,000. మిగులు 1,25,000. ఇంతవరకు అందరూ చేస్తారు. ఆ 1,25,000 ఏ రూపంలో ఉందో కూడా ఫారం అడుగుతుంది: బ్యాంకులో, చేతిలో ఎంత, ఇంకా లెక్క తేలని అడ్వాన్సులు ఎంత అని. బ్యాంకులో 65,000 ఉండి, ఫర్నిచర్ వాడికి ఇచ్చిన అడ్వాన్సు 60,000 ఉంటే అలాగే విడివిడిగా రాయాలి. బల్లలు వచ్చి, బిల్లు వచ్చి, స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కేదాకా ఆ 60,000 ఖర్చు కాదు. మీ పాత ఫారంలో ఖర్చు 12,20,000 అని రాసి ఉంటారు, బ్యాలెన్స్ షీట్‌లో మాత్రం అడ్వాన్సు 60,000 కనబడి ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూసే మనిషికి నిమిషంలో దొరుకుతుంది.

వడ్డీ గురించి 230(8) రూల్ చదువు. గ్రాంటు మీద వచ్చిన వడ్డీ, ఇతర రాబడి ఏదైనా లెక్కలు ఖరారవగానే భారత సంఘటిత నిధికి కట్టాలి. ప్రభుత్వానికి డబ్బు కట్టే భారత్‌కోశ్ పోర్టల్‌లో కట్టి ఆ రసీదు యూసీకి జత చేయి. వడ్డీ చిన్నదే కదా అని వదిలేసేవాళ్లను చాలామందిని చూశాను. ఆ చిన్న మొత్తానికే పెద్ద విడత ఆగిపోతుంది.

గడువు, రూల్ ప్రకారం ఆర్థిక సంవత్సరం ముగిశాక 12 నెలల లోపు. కానీ అంతదాకా ఆగితే నష్టపోయేది మీరే. ముందటి ఏడాది యూసీ, ఆడిట్ అయిన లెక్కలు అందకపోతే తర్వాతి ఏడాది శాంక్షన్ అయినదాంట్లో 75 శాతం దాటి విడుదల చేయకూడదని 238వ రూల్ చెబుతుంది. పైగా వాళ్ల దగ్గర జీఎఫ్ఆర్ 21 అని గ్రాంట్ల రిజిస్టర్ ఉంటుంది, ఏ సంస్థ యూసీ పెండింగ్‌లో ఉందో అందులో కనబడుతూనే ఉంటుంది.

మీ ప్రెసిడెంట్ గారి సంతకం గురించి అడిగావు. 12-ఏ కింద రెండు సంతకాలకు చోటు ఉంటుంది, ఒకటి ఆర్థిక వ్యవహారాలు చూసే అధిపతిది, ఇంకోటి సంస్థ అధిపతిది. వాటి పైన వరసగా కొన్ని వాక్యాలు ఉంటాయి: లెక్కలు సక్రమంగా రాస్తున్నామని, ఏ పనికి ఇచ్చారో దానికే ఖర్చయిందని, షరతులు పాటించామని. ఆ ప్రతి వాక్యానికీ ఆయన హామీ ఇస్తున్నట్టు. ఖాళీ ఫారం మీద పెద్దాయనతో సంతకం తీసుకుని తర్వాత అంకెలు నింపే అలవాటు కొన్నిచోట్ల ఉంది, అది ఆయనకు చేసే అన్యాయం. నింపిన ఫారం ఆయన ముందు పెట్టి, ఒక్కో వాక్యం తెలుగులో చదివి వినిపించి, అప్పుడు సంతకం చేయించు. అరగంట పట్టనీ.


హిమాయత్‌నగర్ సీఏ:

పైన సార్ చెప్పింది బంగారం. నేను ఆడిటర్ వైపు నుంచి కొన్ని కలుపుతాను.

"సీఏ ఆడిట్ చేశారు కదా" అన్నారు. లెక్కలు తయారు చేయాల్సిన బాధ్యత సంస్థదే. ఆడిటర్ వాటిని పరిశీలించి అభిప్రాయం ఇస్తాడు, అంతే. నేను సంతకం చేసిన ప్రతి సర్టిఫికెట్ మీద యూడిన్ (ఆ పత్రానికి ప్రత్యేకంగా ఇచ్చే గుర్తింపు) నంబర్ వేస్తాను, ఎవరైనా సీఏల సంస్థ ఐసీఏఐ సైట్‌లో సరిచూసుకోవచ్చు. మీ పాత కాగితాల మీద ఆ నంబర్ లేకపోతే మీ సీఏ గారిని అడగండి, చాలా ఆఫీసులు నంబర్ లేకుండా తీసుకోవు.

మీరు వ్యాపారం నుంచి వచ్చారు కాబట్టి అక్రూవల్ పద్ధతి (డబ్బు ఇంకా ఇవ్వకపోయినా ఖర్చుగా రాసేది) చేతికి అలవాటై ఉంటుంది, జాగ్రత్త. మార్చి జీతం ఏప్రిల్‌లో ఇచ్చారనుకోండి, ఇన్‌కమ్ అండ్ ఎక్స్‌పెండిచర్ అకౌంట్‌లో అది మార్చి ఖర్చే, రిసీట్స్ అండ్ పేమెంట్స్‌లో మాత్రం కనబడదు. యూసీలో రాసే ఖర్చు ఈ రెండోదానితో కలవాలి, ఎందుకంటే మిగులు కింద బ్యాంకు నిల్వ చూపిస్తున్నారు. ఇవ్వాల్సిన జీతాన్ని ఖర్చులో కలిపేస్తే బ్యాంకు నిల్వ ఎక్కువై లెక్క తేలదు. ఇవ్వాల్సినవి ఏమైనా ఉంటే విడిగా ఒక నోట్‌లో రాయండి.

ఇంకొకటి, ఈ స్కీమ్‌లో గ్రాంటు ఆమోదించిన ఖర్చులో 90 శాతం వరకే, మిగతాది సంస్థ సొంత వాటా. ఆ వాటా పెట్టినట్టు ప్రాజెక్ట్ లెక్కల్లో కనబడాలి. చందాల ఖాతాలోంచి కరెంటు బిల్లు కట్టేసి, ప్రాజెక్ట్ పుస్తకంలో ఎక్కించకపోతే మీరు వాటా పెట్టలేదనే అనుకుంటారు. అందుకే ప్రతి గ్రాంటుకు టాలీలో విడిగా కాస్ట్ సెంటర్ పెట్టండి, వోచర్ మీద ఏ గ్రాంటు, ఏ హెడ్ అన్నది పెన్నుతో రాయండి. ఒకే బిల్లును రెండు గ్రాంట్ల కింద చూపించడం చాలా ప్రమాదం. అదే పనికి వేరే శాఖ నుంచో రాష్ట్రం నుంచో గ్రాంటు తీసుకోలేదని మీరు దరఖాస్తులోనే ధ్రువీకరించి ఉంటారు, ఒకసారి ఆ కాగితం తీసి చూడండి.

మీ మీదికి కాగ్ (కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్) ఆడిట్ వస్తుందా అని అడగలేదు కానీ చెబుతాను. 1971 నాటి కాగ్ చట్టం 14వ సెక్షన్ ప్రకారం ఏడాదికి గ్రాంటు 25 లక్షలకు తగ్గకుండా ఉండి, అది మీ మొత్తం ఖర్చులో 75 శాతానికి తగ్గకపోతే ఆడిట్ పరిధిలోకి వస్తారు. మీ అంకెలు దానికి దగ్గరగా ఉంటే ఇప్పటి నుంచే వోచర్లు వరసలో పెట్టుకోండి.


బోయిన్‌పల్లి అకౌంట్స్:

ఇద్దరికీ చాలా థాంక్స్ సార్. బ్యాలెన్స్ షీట్ తీసి చూశాను, నిజంగానే థెరపీ పరికరాల సప్లయర్‌కు ఇచ్చిన అడ్వాన్సు ఖర్చులో కలిసిపోయింది. పరికరాలు వచ్చింది ఏప్రిల్‌లో. అంటే పాత ఏడాది యూసీలో అడ్వాన్సుగా చూపి, ఈ ఏడాది యూసీలో ఖర్చుగా చూపాలి, అంతేనా? ఇంకో డౌటు. జీరో బ్యాలెన్స్ ఖాతా తెరవాలని కూడా ఒక లెటర్ ఉంది ఫైల్లో. అందులో వడ్డీ ఎలా వస్తుంది?


రిటైర్డ్ ఏఏవో, సైఫాబాద్:

అడ్వాన్సు సంగతి సరిగ్గా పట్టుకున్నావు, అంతే. సవరించిన యూసీతో పాటు సప్లయర్ బిల్లు, వస్తువులు అందిన తేదీ ఉన్న స్టాక్ రిజిస్టర్ పేజీ కాపీ కూడా పెట్టు, మళ్లీ ప్రశ్న రాదు.

జీరో బ్యాలెన్స్ ఖాతా ఉన్నచోట డబ్బు మీ దగ్గర నిలవ ఉండదు. స్కీమ్ డబ్బు అంతా సెంట్రల్ నోడల్ ఏజెన్సీ ఖాతాలో ఉంటుంది, మీకు ఒక పరిమితి ఇస్తారు, మీరు చెల్లింపు చేసినప్పుడు అంత మాత్రమే కదులుతుంది. కాబట్టి వడ్డీ గొడవ కూడా అక్కడే. మునుపు దేశమంతటా సంస్థల ఖాతాల్లో డబ్బు ఊరికే పడి ఉండేది, ఒకపక్క కేంద్రం అప్పు తెచ్చి వడ్డీ కట్టేది. కేంద్రం, రాష్ట్రం కలిసి నడిపే స్కీమ్‌లకు 2021 జులై నుంచి సింగిల్ నోడల్ ఏజెన్సీ పద్ధతి తెచ్చారు, పూర్తిగా కేంద్రం స్కీమ్‌లకు 2022లో ఈ సెంట్రల్ నోడల్ పద్ధతి. నా మట్టుకు ఇది మంచి మార్పు.

పీఎఫ్ఎంఎస్‌లో చెల్లింపుకు మేకర్ (ఎంట్రీ చేసేవాళ్లు) ఒకరు, చెకర్ (సరిచూసి ఆమోదించేవాళ్లు) ఒకరు ఉంటారు. నువ్వు మేకర్‌వైతే చెకర్ పాస్‌వర్డ్ నీ దగ్గర ఉంచుకోకు. ఎవరు ఎంత నమ్మకంగా ఇచ్చినా సరే వద్దను.


యూనివర్సిటీ ఫైనాన్స్ సెక్షన్:

నాది వేరే లోకం, రీసెర్చ్ గ్రాంట్లు. కానీ ఈ దారం చదివేవాళ్లలో మాలాంటివాళ్లు కూడా ఉంటారని రాస్తున్నా. ఇక్కడ ప్రిన్సిపల్ ఇన్వెస్టిగేటర్ అనే ఆయన ప్రాజెక్ట్ రాస్తారు, నడిపిస్తారు. అందరూ అది ఆయన గ్రాంటు అనుకుంటారు, ఒక్కోసారి ఆయన కూడా. గ్రాంటు తీసుకున్నది సంస్థ. పీఐ ఇంకో ఊరికి మారిపోతే డబ్బు ఆయనతో పాటు దానంతటదే వెళ్లదు, నిధులిచ్చిన వాళ్ల అనుమతి కావాలి. యూసీతో పాటు స్టేట్‌మెంట్ ఆఫ్ ఎక్స్‌పెండిచర్ అని హెడ్ల వారీ లెక్క కూడా పంపాలి: మ్యాన్‌పవర్, కన్స్యూమబుల్స్, ట్రావెల్, ఎక్విప్‌మెంట్, ఓవర్‌హెడ్స్ విడివిడిగా. ఓవర్‌హెడ్స్ అంటే ల్యాబ్‌కు కరెంటు, నీళ్లు, మా సెక్షన్ లాంటి ఆఫీసు ఖర్చులకు సంస్థకు ఇచ్చే వాటా, పీఐ చేతి ఖర్చు కాదు.

మా దగ్గర ఎక్కువగా బలయ్యేది స్కాలర్లు. 2023 జనవరి 1 నుంచి జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) నెలకు 37,000 అయింది, హైదరాబాద్ ఎక్స్ కేటగిరీ నగరం కాబట్టి హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) కూడా పై శ్రేణిలో ఉంటుంది. బడ్జెట్ పాత రేటుతో రాసిన ప్రాజెక్టుల్లో మ్యాన్‌పవర్ హెడ్ ఏడాది మధ్యలోనే ఖాళీ అయిపోతుంది, పక్కనే ట్రావెల్ హెడ్‌లో డబ్బు మూలుగుతుంటుంది, అనుమతి లేకుండా ముట్టుకోలేం. అందుకే పీఐలకు నేను చెప్పేది, హెడ్ సగం ఖర్చయినప్పుడే రీఅప్రాప్రియేషన్ (ఒక హెడ్ డబ్బు ఇంకో హెడ్‌కు మార్చడం) కోసం లెటర్ పెట్టండి, మొత్తం అయిపోయాక కాదు. మూడు నెలలు స్టైపెండ్ లేకుండా హాస్టల్‌లో ఉండే పిల్లల పరిస్థితి ఎలా ఉంటుందో రోజూ చూస్తున్నాం. ఒక్క లెటర్ ముందు రాస్తే ఆగే కష్టం అది.


డేకేర్ కోఆర్డినేటర్, మల్కాజ్‌గిరి వైపు:

తమ్ముడూ, మాది కూడా మీలాంటి సెంటరే. పెద్దవాళ్లు లెక్కలు చెప్పారు, నేను ఫీల్డ్ సంగతి చెబుతా. మీ ఫైల్ ఢిల్లీ కంటే ముందు ఇక్కడ కదలాలి. ఈ-అనుదాన్ పోర్టల్‌లో మనం అప్‌లోడ్ చేశాక జిల్లా అధికారులు తనిఖీకి వస్తారు, వాళ్ల రిపోర్టు, రాష్ట్రం సిఫారసు కలిస్తేనే పైకి వెళ్తుంది. కాబట్టి ఎక్కడ ఆగిందో తెలియకుండా ఢిల్లీకి ఫోన్లు చేయడం దండగ. పోర్టల్‌లో స్టేటస్ చూసి, జిల్లా స్థాయిలో ఉంటే అక్కడి ఆఫీసుకు, రాష్ట్ర స్థాయిలో ఉంటే మలక్‌పేటలోని దివ్యాంగుల శాఖ రాష్ట్ర కార్యాలయానికి వెళ్లి మర్యాదగా అడగండి, కాపీలన్నీ చేతిలో పట్టుకుని.

తనిఖీకి వచ్చిన మేడం మా దగ్గర మొదట అడిగింది క్యాష్‌బుక్ కాదు, పిల్లల హాజరు పట్టీ. ఆ రోజు పట్టీలో ఉన్న పేర్లు, ఎదురుగా కూర్చున్న పిల్లలు, రెండూ సరిచూసింది. తర్వాత స్పెషల్ టీచర్ల ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ గడువు ఉందా లేదా అని చూసింది. గడువు అయిపోయిన టీచర్‌కు ఇచ్చిన గౌరవ వేతనం ఒప్పుకోరు, తను ఎంత బాగా చెప్పినా సరే. కాబట్టి ఆ తేదీలన్నీ ఒక చార్ట్ మీద రాసి గోడకు అంటించండి. పిల్లల డిజబిలిటీ సర్టిఫికెట్లు కూడా.

ఇంకోటి, డబ్బు ఆగినప్పుడు టీచర్లకు దాచకండి. యూసీ ఎందుకు వెనక్కి వచ్చింది, ఎప్పుడు తిరిగి పంపారు, పోర్టల్‌లో ఎక్కడుందీ అన్నీ మీటింగ్ పెట్టి చెప్పండి. మా వాళ్లకు చెప్పడం మొదలుపెట్టాక వాళ్లే బిల్లులు, హాజరు వేళకు ఇవ్వడం అలవాటు చేసుకున్నారు. సంస్థ చందాల్లోంచి కొంత అడ్వాన్సు ఇవ్వగలిగితే కమిటీ తీర్మానం రాసి ఇవ్వండి, తర్వాత గ్రాంటు వచ్చినప్పుడు సర్దుకోవడానికి ఆ తీర్మానమే ఆధారం.


బోయిన్‌పల్లి అకౌంట్స్:

అక్కా, హాజరు పట్టీ సంగతి ఎవరూ చెప్పలేదు, రేపే చూస్తా. సార్లందరికీ మళ్లీ థాంక్స్. ప్రెసిడెంట్ గారి ముందు ఫారం పెట్టి చదివాను, "ఇన్నేళ్లలో ఇది ఎవరూ నాకు చదివి చెప్పలేదు బాబూ" అన్నారు. సవరించిన యూసీ సీఏ గారికి ఇచ్చాను.

చివరగా ఒకటి. చాలా ఏళ్ల కింద గ్రాంటుతో కొన్న స్కూల్ వ్యాన్ ఒకటి ఆవరణలో పాడై పడి ఉంది. టైర్ల కింద గడ్డి మొలిచింది, పిల్లలు దాని దగ్గర ఆడుకోవడానికి వెళ్తున్నారు, గీసుకుంటుందని భయం. స్క్రాప్‌కు ఇచ్చేద్దామని కమిటీలో ఒకరు పట్టుబడుతున్నారు. ఇచ్చేయొచ్చా?


రిటైర్డ్ ఏఏవో, సైఫాబాద్:

వద్దు, ఇప్పుడే ఇవ్వకండి. గ్రాంటుతో కొన్న ఆస్తిని ఇచ్చిన శాఖ ముందస్తు అనుమతి లేకుండా అమ్మడం, తాకట్టు పెట్టడం, వేరే పనికి వాడడం కుదరదు. మీరు రాసిన బాండులోనే ఉంటుంది చూడు. బాండు షరతు తప్పితే గ్రాంటు ఏటా 10 శాతం వడ్డీతో తిరిగి కట్టాల్సి రావచ్చు. పాడైన వ్యాన్ కోసం అంత తల మీదికి తెచ్చుకోవద్దు.

చేయాల్సింది ఇది. ముందు ఈ రోజే వ్యాన్ చుట్టూ తాడో కంచో కట్టించు, పిల్లలు దగ్గరికి పోకుండా. తర్వాత ఆస్తుల రిజిస్టర్‌లో అది ఉందో లేదో చూడు, జీఎఫ్ఆర్ 22 ఆ రిజిస్టర్ ఫారం. లేకపోతే పాత శాంక్షన్ ఆర్డర్, కొన్న బిల్లు వెతికి ఇప్పుడైనా ఎక్కించి, పక్కన ఎప్పుడు, ఎందుకు ఎక్కించావో రాసి సంతకం పెట్టు. ఆర్సీ కాపీ, ఫొటోలు, ఇక బాగుచేయడం గిట్టుబాటు కాదని మెకానిక్ రాసిచ్చిన కాగితం, అంచనా ధర, కమిటీ తీర్మానం జత చేసి శాంక్షన్ ఆర్డర్ నంబర్ వేసి అనుమతి కోరుతూ లెటర్ పెట్టండి. అమ్మితే వచ్చిన డబ్బు ఏం చేయాలో కూడా ఆ లెటర్‌లోనే అడగండి, జవాబు రాతలో వస్తుంది. ఆ పాత శాంక్షన్ ఆర్డర్ దొరక్కపోతే ఇక్కడ రాయి, కాపీ కోసం ఎవరికి ఎలా రాయాలో చెబుతా.